ఒక పెళ్లికి ముగ్గురు పేరయ్యలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి కాసేపు మాట్లాడు, కాకపోతే అందరికీ పనికొచ్చేట్టు ఉండాలి" అన్నారు. నేను చేసే పనేమిటో మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియదు. మా అమ్మ అడిగితే "కంప్యూటర్లలో" అని సరిపెడతాను. కానీ మొన్న మన 1986 పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటలు చూశాక, ఆ పని గురించి ఇక్కడ చెప్పొచ్చనిపించింది. మనవాళ్లలో ఊరగాయలు అమ్మేవాళ్లున్నారు. కోచింగ్ సెంటరు నడిపేవాళ్లున్నారు. డ్రిప్ పైపుల డీలర్లున్నారు. దంతవైద్యులు ఇద్దరున్నారు. అందరూ నెలనెలా గూగుల్‌కో, ఫేస్‌బుక్‌కో, ఇన్‌స్టాగ్రామ్‌కో ప్రకటనల కింద డబ్బు కడుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కడ చూస్తే అన్ని అమ్మకాలు వచ్చాయంటుంది, మన పుస్తకంలో అన్ని లేవేంట్రా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగం. చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది ప్రకటనల కొలత.

ముందుగా ఒక మాట. ఈ సావనీర్‌లో కూడా ప్రకటనలున్నాయి. వాటివల్ల ఎన్ని అమ్మకాలు వచ్చాయని ఎవరూ అడగరు. అది బడి మీద అభిమానం. నేను మాట్లాడేది అభిమానం లేని ప్రకటనల గురించి.

పత్రికల్లో ప్రకటనలు వేసే రోజుల్లోనూ ఈ లెక్క ఉండేది. ప్రకటనలో ఒక కూపన్ ఇచ్చి, కత్తిరించి పోస్టులో పంపమనేవారు. ఒక్కో పత్రికలో వేసే కూపన్ మీద ఒక్కో గుర్తు పెట్టేవారు. తిరిగొచ్చిన కూపన్ల మీది గుర్తు చూసి ఏ పత్రిక ఎన్ని తెచ్చిందో లెక్కపెట్టేవారు. క్లాడ్ హాప్కిన్స్ అనే అమెరికన్ 1923లోనే ఈ పద్ధతిని గట్టిగా సమర్థిస్తూ ఒక పుస్తకం రాశాడు. అందులో గమనించాల్సింది ఒకటుంది. కూపన్లు లెక్కపెట్టేది అమ్మేవాడు. పత్రికవాడు కాదు. కాటా అమ్మేవాడి దుకాణంలోనే ఉండేది.

ఇంటర్నెట్టు వచ్చాక ఈ కాటా చేతులు మారింది. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రిక మొదటి బ్యానర్ ప్రకటనలు వేసింది. ఏటీ అండ్ టీ ప్రకటన వాటిలో ఒకటి. అదే ఏడాది నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ అనే ఇంజినీరు కుకీని తయారుచేశాడు. వచ్చినవాడు నిన్న వచ్చినవాడేనా కాదా అని వెబ్‌సైటు గుర్తుపట్టడానికి బ్రౌజరులో దాచే చిన్న చీటీ అది. ఈ రెండూ కలిశాక ప్రకటన వేసినవాడే అమ్మకాన్నీ లెక్కపెట్టడం మొదలైంది. అంటే వడ్లు కొనే వ్యాపారే కాటా కూడా తెచ్చుకున్నట్టు. రైతు కుటుంబాల పిల్లలం కదా, దీని అర్థం మనకు వేరే చెప్పక్కర్లేదు.

అది ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాను. మీరు ప్రకటన మీద నొక్కితే, తెరుచుకునే లింకు చివర ఒక పొడుగాటి సంఖ్య తగిలి వస్తుంది. గూగుల్ పెట్టేదాన్ని జీక్లిడ్ అంటారు, ఫేస్‌బుక్ పెట్టేదాన్ని ఎఫ్‌బీక్లిడ్ అంటారు. సినిమా హాల్లో సైకిల్ స్టాండువాడు ఇచ్చే టోకెన్ లాంటిదే. దుకాణం వెబ్‌సైటు ఆ టోకెన్‌ను కుకీలో దాస్తుంది. మీరు కొనడం పూర్తయ్యాక "ధన్యవాదాలు, మీ ఆర్డరు అందింది" అనే పేజీ వస్తుంది కదా, ఆ పేజీలో ప్రతి నెట్‌వర్కూ తనదంటూ ఒక చిన్న కోడ్ పెట్టించుకుంటుంది. దానికి పిక్సెల్ అని పేరు. ఆ పేజీ తెరుచుకోగానే ఆ కోడ్ తన యజమానికి కబురు పంపుతుంది: ఫలానా టోకెన్‌తో వచ్చినవాడు ఇంత డబ్బుకు కొన్నాడు అని. దీన్నే మా భాషలో కన్వర్షన్ అంటారు.

ఒకటే నెట్‌వర్కులో ప్రకటన వేస్తే పెద్ద చిక్కు లేదు. మూడింటిలో వేశారనుకోండి. కొన్నావిడ సోమవారం ఇన్‌స్టాగ్రామ్‌లో చీర చూసి నొక్కింది. బుధవారం ఒక ఆఫర్ల సైటులో కూపన్ కోసం వెతికి అక్కణ్ణించి మళ్లీ వచ్చింది. శుక్రవారం గూగుల్‌లో దుకాణం పేరు కొట్టి, పైనున్న ప్రకటన మీద నొక్కి కొనేసింది. అమ్మకం ఒకటే. ముగ్గురి పిక్సెళ్లూ మోగాయి. ముగ్గురూ తమ ఖాతాలో ఒకటి రాసుకున్నారు. ఎవరి టోకెన్ వాళ్లకే కనిపిస్తుంది తప్ప పక్కవాడి టోకెన్ కనిపించదు. కాబట్టి ఎవరూ అబద్ధమాడలేదు. ఒక సంబంధం కుదిరితే ముగ్గురు పెళ్లిళ్ల పేరయ్యలు వచ్చి "ఈ సంబంధం నేనే చెప్పాను" అన్నట్టు. ముగ్గురూ చెప్పినమాట నిజమే. పెళ్లి మాత్రం ఒకటే జరిగింది, తాంబూలం మూడు చోట్ల ఇవ్వాల్సి వచ్చింది.

ఇది మొదటి చిక్కు మాత్రమే. దీనికంటే నన్ను ఎక్కువ విసిగించేది కొలిచే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం. పాతతరం గురువులకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు పుట్టి అంటే ఒక ప్రాంతంలో ఒకంత, పక్క ప్రాంతంలో ఇంకొకంత. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చాకే దేశమంతటికీ ఒకటే కిలో వచ్చింది. ప్రకటనల రంగంలో ఇంకా ఆ చట్టం రాలేదు. కన్వర్షన్ అన్న మాట ఒక్కటే, పుట్టి మాత్రం ఎవరిది వారిది.

గూగుల్ ప్రకటనల ఖాతాలో ఏమీ మార్చకుండా వదిలేస్తే, ప్రకటన మీద నొక్కిన 30 రోజుల్లోపు ఎప్పుడు కొన్నా అది ఆ ప్రకటన పద్దులో పడుతుంది. మెటా, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల ఖాతాలో మామూలుగా ఉండే గడువు నొక్కిన 7 రోజులు. దానికి తోడు, నొక్కకపోయినా ప్రకటన కంటబడిన ఒక్కరోజులోపు కొంటే అదీ లెక్కలోకి వస్తుంది. గూగుల్‌లో ఊరికే కంటబడినవాటిని వేరే గడిలో చూపిస్తారు, అసలు మొత్తంలో కలపరు. అంటే ఒకరిది నెలరోజుల పుట్టి, ఇంకొకరిది వారం పుట్టి. వాటి మీద వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి "ఇది చవక, అది ఖరీదు" అని నిర్ణయాలు తీసుకుంటున్నాం.

తేదీ సంగతీ అంతే. జులై 28న నొక్కి ఆగస్టు 3న కొంటే, మీ బిల్లు పుస్తకంలో అది ఆగస్టు అమ్మకం. గూగుల్ ప్రకటనల రిపోర్టులో అది మామూలుగా నొక్కిన రోజుకు, అంటే జులైకి జమవుతుంది. అందుకే జులై నెల అంకె ఆగస్టు మొదటి వారంలో ఒకలా, ఆగస్టు చివర్లో మరోలా కనిపిస్తుంది. చాలామంది దీన్ని చూసి మోసమనుకుంటారు. మోసం కాదు, ఆలస్యంగా అందే జమ అది. కొన్న తేదీ ప్రకారం చూపే గడి కూడా ఉంది, దాన్ని తెరిచి పెట్టుకోవాలి.

టైమ్ జోన్ ఇంకొకటి. ఖాతా తెరిచినప్పుడు ఎవరో అమెరికా పసిఫిక్ టైమ్ పెట్టి వదిలేశారనుకోండి. అక్కడ అర్ధరాత్రి దాటేసరికి ఇక్కడ ఎండాకాలంలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30 అవుతుంది. పొద్దున్నే వచ్చిన ఆర్డర్లన్నీ నిన్నటి లెక్కలో పడతాయి. పండగ ముందురోజు అమ్మకాన్ని అంతకుముందు రోజు ప్రకటన ఖాతాలో కలిపి చూస్తాం. ఖాతా తెరిచేటప్పుడే ఇది చూసుకోవాలి. తర్వాత మార్చుకోవడం అంత తేలిక కాదు.

ఇక 2021 తర్వాత అసలు కొలవడమే తగ్గింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 14.5తో ఒక నియమం పెట్టింది. వేరే కంపెనీల యాప్‌లలో, సైట్లలో మీరేం చేస్తున్నారో వెంబడించి చూడాలంటే ప్రతి యాప్ ముందు మిమ్మల్ని అడిగి తీరాలి. అడిగితే వద్దనేవాళ్లు ఎక్కువ. అంతకుముందే సఫారీ బ్రౌజరు కుకీల ఆయుష్షు తగ్గించేసింది. మనిషిగా నాకిది సంతోషమే. నేనేం చూస్తున్నానో పదిమందికి తెలియాల్సిన పని లేదు. కానీ కొలిచేవాడిగా చూస్తే చాలా టోకెన్లు దారిలోనే పోతున్నాయి. పోయినవాటి చోట నెట్‌వర్కులు అంచనాలు వేసి అంకె పూరిస్తున్నాయి. మీ రిపోర్టులో 46.3 అమ్మకాలు అని దశాంశం కనిపిస్తే కంగారు పడకండి. పావు చీర ఎవరూ కొనలేదు. కొంత అంచనా, కొంత ఒకే అమ్మకాన్ని రెండుమూడు ప్రకటనలకు పంచడం, రెండూ కలిస్తే అలా వస్తుంది.

ఇప్పుడు ఒక నిజమైన సంగతి చెబుతాను. అంకెలు మార్చాను, తీరు మార్చలేదు. మన సహాధ్యాయి కూతురు ఒకమ్మాయి మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. నన్ను బాబాయ్ అంటుంది. ఆమెను నమ్ముకుని కొన్ని మగ్గాల కుటుంబాలున్నాయి. శ్రావణమాసం ముందు నాన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. బంగారం కుదువపెట్టి ప్రకటనల ఖర్చు రెండింతలు చేద్దామనుకుంటోంది. ఏ నెట్‌వర్కులో పెంచాలో చెప్పమంది. మూడు రిపోర్టులు ముందు పెట్టింది.

మొదటిది వెతుకులాట ప్రకటనలది. 39,000 రూపాయల ఖర్చు, 130 ఆర్డర్లు తెచ్చానంటోంది. ఆర్డరుకు 300. రెండోది ఫొటోలు, వీడియోల మధ్య ప్రకటనలు చూపేది. 42,700 ఖర్చు, 95 ఆర్డర్లు. ఆర్డరుకు 449. మూడోది ఆఫర్ల సైట్ల నెట్‌వర్కు. 9,500 ఖర్చు, 45 ఆర్డర్లు. ఆర్డరుకు 211. చూడగానే ఎవరైనా మూడోదానికి, మొదటిదానికి డబ్బు పెంచి, రెండోదాన్ని ఆపేయమంటారు. ఆమె కూడా అదే అనుకుంది.

నేను అడిగింది ఒక్కటే. "అమ్మా, నీ బిల్లు పుస్తకంలో ఆ నెల ఆర్డర్లెన్ని?" 240. ముగ్గురూ తెచ్చామన్నవి కలిపితే 270. అందులోనూ పాత ఖాతాదార్లు వాట్సాప్‌లో నేరుగా అడిగి కొన్నవి బోలెడున్నాయని ఆమే చెప్పింది.

వాళ్ల కాటాలు పక్కనబెట్టి మన కాటా ఒకటి కట్టుకుందామన్నాను. అదృష్టవశాత్తు ఆమె వెబ్‌సైటు ప్రతి ఆర్డరుతోపాటు, ఆ మనిషి ఏయే లింకుల ద్వారా ఏయే రోజుల్లో వచ్చిందో దాచిపెడుతోంది. ఎవరూ చూడటం లేదంతే. ఒకటే నియమం పెట్టుకున్నాం. కొనేముందు 7 రోజుల్లో ఆఖరుగా నొక్కిన ప్రకటన ఎవరిదైతే ఆర్డరు వారిది. నొక్కనిది ఎవరికీ చెందదు. తేదీ మన తేదీ, ఆర్డరు నంబరు మన నంబరు, ఒక నంబరుకు ఒకసారే లెక్క. అలా చూస్తే మొదటిదానికి 52, రెండోదానికి 61, మూడోదానికి 19 వచ్చాయి. మిగిలిన 108 ఏ ప్రకటనా నొక్కకుండా వచ్చినవి. ఆర్డరు ఖర్చు వరసగా 750, 700, 500. ఇంతకుముందు ఆపేద్దామనుకున్న రెండోది మొదటిదానికంటే చవగ్గా కనిపించింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండదు. మన దగ్గర వస్తువు ఇంటికి వచ్చాక డబ్బిచ్చే పద్ధతి ఎక్కువ. తలుపు తీయకపోయినా, మనసు మారినా పార్సిల్ వెనక్కి వస్తుంది. రానూపోనూ కొరియరు ఛార్జీ దుకాణం మీదే పడుతుంది. నెట్‌వర్కుల లెక్కలో మాత్రం అది గెలిచిన అమ్మకంగానే ఉంటుంది, ఎందుకంటే పిక్సెల్ మోగింది ఆర్డరు పెట్టినప్పుడు. వెనక్కి వచ్చినవి తీసేస్తే మొదటిదానికి 48, రెండోదానికి 56, మూడోదానికి 12 మిగిలాయి. ఆర్డరు ఖర్చు ఇప్పుడు 813, 763, 792. చూశారా, ముగ్గురూ దాదాపు ఒకచోటికే వచ్చారు. ఆఫర్ల కోసం వచ్చినవాళ్లే పార్సిళ్లు ఎక్కువగా వెనక్కి పంపారు. 211 రూపాయల చవకబేరం ఎక్కడికి పోయిందో అలా తెలిసింది.

ఇక్కడ లెక్కల మాస్టారి శిష్యుడిగా ఒకటి చెప్పాలి. 56కీ 48కీ తేడా 8. ఇలాంటి లెక్కింపుల్లో కేవలం యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట ఎంతుంటుందో తెలుసుకోవడానికి ఒక మోటు కొలత ఉంది. రెండూ కలిపి వర్గమూలం తీయడం. 104కు వర్గమూలం 10 పైచిలుకు. తేడా అంతకంటే తక్కువ. కాబట్టి ఒక్క నెల చూసి "రెండోది మెరుగు" అనే హక్కు కూడా మనకు లేదు. మూడు నెట్‌వర్కుల మధ్యా పెద్ద తేడా కనబడటం లేదని మాత్రం అనగలం. బంగారం కుదువపెట్టేముందు ఆ మాట తెలియడం ముఖ్యం. బ్యాంకు వడ్డీకి వర్గమూలాలతో పనిలేదు కదా.

మన కాటా మాత్రం దేవుడిచ్చిందా అని మీరడగవచ్చు. కాదు. ఆఖరుగా నొక్కినవాడికే మొత్తం ఇవ్వడమంటే, నాటినవాణ్ణి వదిలేసి కోతకోసినవాడికే పంటంతా ఇచ్చినట్టు. మొదటిసారి చీర చూపించిన ఇన్‌స్టాగ్రామ్ వీడియోకు దీనిలో సున్నా. కాటా ఎప్పుడూ వంద గ్రాములు తక్కువ చూపినా, ఏ బస్తా బరువో తెలుస్తుంది. కానీ ఒక రకం బస్తాకే తక్కువ చూపే కాటా అయితే ఆ పోలికా కుదరదు. ఆఖరి నొక్కు నియమంలో ఆ లోపం ఉంది. తెలిసే వాడతాం. అందరికీ ఒకటే నియమం, నెలనెలా అదే నియమం, కాబట్టి మార్పు కనబడుతుంది. ప్రకటన అసలు అమ్మకం తెచ్చిందా లేదా అన్నది తేల్చాలంటే దాంతో సరిపోదు. దానికి ప్రయోగం చేయాలి.

ఆ ప్రయోగం గురించి చదివినప్పటి నుంచీ నాకు చాలా ఇష్టం. ఈబే అనే పెద్ద అమెరికన్ అమ్మకాల కంపెనీ, వెతుకులాటలో తన పేరు కొట్టినవాళ్లకు కూడా డబ్బిచ్చి ప్రకటన చూపించేది. 2012లో అక్కడి ఆర్థికవేత్తలు యాహూ, ఎంఎస్‌ఎన్‌లలో ఆ ప్రకటనలు ఆపి చూశారు. పోయిన నొక్కుల్లో 99.5 శాతం కిందనున్న మామూలు లింకు నుంచి ఉచితంగా వచ్చేశాయి. "ఈబే" అని కొట్టినవాడు ఎలాగూ ఈబేకే వస్తాడు. తర్వాత అమెరికాలో కొన్ని ప్రాంతాల్లో మిగతా వెతుకులాట ప్రకటనలు కూడా ఆపి, ఆపని ప్రాంతాలతో పోల్చారు. తరచూ కొనేవాళ్ల మీద వాటి ప్రభావం కనబడలేదు. కొత్తవాళ్లమీద, అరుదుగా వచ్చేవాళ్లమీద కొంత ఉంది. టామ్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ రాసిన ఆ పరిశోధన 2015లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. నెట్‌వర్కు రిపోర్టు చూస్తే మాత్రం ఆ ప్రకటనలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే ఉండేవి. ఊరి బయట రోడ్డు మీద నిలబడి, బస్సు దిగి ఎలాగూ పెళ్లింటికి వెళ్లేవాళ్లకు దారి చూపించి, "ఇంతమందిని నేనే పంపాను" అన్నట్టు.

మన అమ్మాయి కూడా అదే చేసింది, చిన్నగా. ఆమె మొదటి నెట్‌వర్కు ఆర్డర్లలో సగానికి పైగా, దుకాణం పేరు కొట్టి వచ్చినవే. నాలుగు వారాలపాటు తెలంగాణలో కొన్ని జిల్లాలు, ఇక్కడ కొన్ని జిల్లాలు ఎంచుకుని, వాటిలో దుకాణం పేరు మీది ప్రకటన మాత్రం ఆపింది. అంతకుముందు ఆర్డర్లు దాదాపు సమానంగా ఉన్న వేరే జిల్లాల్లో నడిపించింది. శ్రావణమాసం అయిపోయేదాకా ఆగమని నేనే అన్నాను. శుక్రవారాలూ పెళ్లి ముహూర్తాలూ ఉన్న నెలలో ప్రయోగం చేస్తే, ఏది ప్రకటన వల్ల, ఏది పంచాంగం వల్ల అన్నది తేలదు. ఫోను ఉన్న చోటును నెట్‌వర్కు ఎప్పుడూ సరిగ్గా చెప్పదు కాబట్టి, ఆర్డరు చేరిన పిన్‌కోడ్ ప్రకారమే లెక్కగట్టాం. ఆపిన జిల్లాల్లో ఆర్డర్లు తగ్గినట్టు కనబడలేదు. ఆ ఖర్చు ఆపేసింది. బంగారం ఇంట్లోనే ఉంది. మిగిలిన డబ్బులో కొంత కొత్త డిజైన్ల నూలుకు పెట్టింది. ఆఫర్ల నెట్‌వర్కు విషయం ఇంకా తేలలేదు. ఆర్డర్లు తక్కువ, ఊగిసలాట ఎక్కువ. తేలని దాన్ని తేలిందని చెప్పడం నాకు చేతకాదు.

వ్యాపారాలున్నవాళ్లు ఇంటికెళ్లి ఏం చేయాలో అడుగుతారని తెలుసు. మీ ప్రోగ్రామరుకు చెప్పాల్సినవి చెబుతాను, కొంచెం సాంకేతికంగా ఉంటే మన్నించండి.

ప్రతి ప్రకటన లింకుకూ ఒకే పద్ధతిలో పేర్లు తగిలించండి. దీన్ని యూటీఎం అంటారు. అర్చిన్ అనే కంపెనీ పెట్టిన పేరు, 2005లో గూగుల్ ఆ కంపెనీని కొన్నా పేరు నిలిచిపోయింది. ఒకచోట 'ఇన్‌స్టా', ఇంకోచోట 'ఇన్‌స్టాగ్రామ్', మరోచోట 'ఐజీ' అని రాస్తే నెలాఖరుకు ఒకే మనిషి మూడు పేర్లతో హాజరుపట్టీలో ఉంటాడు. ఒకటే చీటీ మీద పేర్లన్నీ రాసి గోడకు అతికించుకోండి. నేను చూసిన గందరగోళాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి, కంప్యూటర్లలో కాదు.

ఆర్డరు ఖరారైనప్పుడు కబురు మీ సర్వరు నుంచే వెళ్లాలి. అన్ని నెట్‌వర్కులకూ అదే ఆర్డరు నంబరు, అదే విలువ, అదే సమయం. విలువలో జీఎస్టీ కలుపుతారా, డెలివరీ ఛార్జీ కలుపుతారా అన్నది ఒకసారి తేల్చుకుని అందరికీ అదే పంపాలి. బ్రౌజరు పిక్సెల్ కూడా ఉంచుకోవచ్చు. కానీ రెండింట్లోనూ ఒకటే గుర్తింపు సంఖ్య ఉంటేనే నెట్‌వర్కు రెండోదాన్ని కొట్టేస్తుంది. లేకపోతే ఆ నెట్‌వర్కులోనే ఒక అమ్మకం రెండవుతుంది. ధన్యవాదాల పేజీని కస్టమరు మళ్లీ రిఫ్రెష్ చేసినా అదే గొడవ. పార్సిల్ వెనక్కి వస్తే ఆ సవరణ పంపే వీలు గూగుల్‌లో ఉంది. చాలామంది వాడరు. వాడితే, ఎవరికి చూపిస్తే అమ్మకం నిలుస్తుందో దాని యంత్రం కూడా నేర్చుకుంటుంది.

ఫోన్ నంబర్లు పంపి సరిపోల్చే పద్ధతి కూడా ఉంది. నంబరును నేరుగా పంపరు, ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితంతో గుర్తుపట్టలేని వరసగా మార్చి పంపుతారు. ముందు సున్నా పెట్టిన నంబరూ, ప్లస్ 91 పెట్టిన నంబరూ ఒకే మనిషివైనా, మార్చాక పూర్తిగా వేరే వరసలు వస్తాయి. అందుకని మార్చేముందే అన్నీ ఒకే తీరులో రాయాలి. ఈ పని చేసేముందు కస్టమరు అనుమతి తీసుకోండి. 2023లో మనకూ డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దంతవైద్యులిద్దరూ ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. పన్ను నొప్పి సంగతి ప్రకటనల కంపెనీకి పంపడం ఏ గణితంతో మార్చినా నాకు నచ్చదు.

వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లున్నవాళ్లకు సులువైన ఉపాయం ఒకటుంది. వాట్సాప్ లింకులో ముందే రాసిపెట్టిన సందేశం పెట్టుకోవచ్చు. ఒక్కో ప్రకటనకు ఒక్కో చిన్న గుర్తుతో. "నమస్తే, చీరల వివరాలు కావాలి, కె-2" అని వస్తే ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసిపోతుంది. 1923 నాటి కూపనే ఇది. ఫోన్ చేసినవాళ్లను నోటితో అడగండి, "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని. కోచింగ్ సెంటర్లలో ఇది తప్పనిసరి. అక్కడ ప్రకటన చూసేది పిల్లాడు, ఫోన్ చేసేది తండ్రి, ఫీజు కట్టేది మేనమామ. ఏ పిక్సెల్‌కూ ఈ చుట్టరికం అందదు.

నెలాఖరుకు అన్నిటికంటే ముందు చూడాల్సిన అంకె మాత్రం చాలా పాతది. మొత్తం ప్రకటనల ఖర్చును, ఆ నెల నిలిచిన మొత్తం కొత్త ఆర్డర్లతో భాగించండి. దీనిలో ఏ నెట్‌వర్కు ప్రమేయమూ లేదు. ఒక నెట్‌వర్కులో ఖర్చు పెంచాక ఆ నెట్‌వర్కు రిపోర్టు ఎంత మెరుస్తున్నా, ఈ అంకె రెండుమూడు నెలలైనా చెడిపోతూ ఉంటే, మెరుపు పక్కవాడి పద్దులోంచి వచ్చిందన్నమాట.

సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గంట కొట్టారు. ఈ బడిలో గంట కొడితే కూర్చోవడం ఇంకా అలవాటే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత ఫిజిక్స్ ల్యాబు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉంటాను. వచ్చేవాళ్లు నెట్‌వర్కు రిపోర్టులతోపాటు బిల్లు పుస్తకం కూడా తెచ్చుకోండి. ముందు అదే చూస్తాను.